నవ్ షాపెల్ గోడ మీది పేర్లు

మనిషి పోయిన తరువాత అతనికి ఒక కబరు, దాని మీద ఒక పేరు ఉండాలని అందరూ కోరుకుంటారు. ఆ భాగ్యం లేకపోయిన సిపాయీల కోసం కట్టిన ఒక కట్టడం గురించి నాలుగు మాటలు మనవి చేస్తున్నాము.

ఫ్రాన్సు ఉత్తర భాగాన నవ్ షాపెల్ అని ఒక చిన్న గ్రామం. 1915 మార్చి 10 నుండి 13 వరకు అక్కడ జరిగిన యుద్ధంలో మన దేశపు ముస్లిములు, హిందువులు, సిక్కులు, గూర్ఖాలు వేలాదిగా పోరాడారు. 1927 అక్టోబరు 7న ఆ ఊరి దగ్గరే భారత సైనికుల స్మారకాన్ని ఆవిష్కరించారు. ఫ్రాన్సు, బెల్జియం రంగంలో చనిపోయి, కబరు జాడ తెలియని 4,700 మందికి పైగా సిపాయీల, కూలీల పేర్లు అందులో చెక్కి ఉన్నాయి.

దీనికి నక్షా గీసినది హెర్బర్ట్ బేకర్. ఢిల్లీ సెక్రటేరియట్ భవనాలు కూడా ఆయనవే. ఇది కప్పులేని గుండ్రని ప్రాంగణం. సాంచి, మన అమరావతి స్తూపాల చుట్టూ ఉండే రాతి ప్రాకారం వంటిది. గోడలో ఒక భాగం నిండుగా ఉండి పేర్లను మోస్తుంది. మరొక భాగం దర్గా కిటికీల వంటి రాతి జాలీ. గుమ్మటాలున్న చిన్న ఛత్రీలు కూడా ఉన్నాయి. ముందు అశోక స్తంభం తీరున సుమారు 15 మీటర్ల స్తంభం, దానికి రెండు వైపులా కాపలాగా రాతి పులులు. స్తంభం మొదట్లో దేవుడు ఒక్కడే అన్న భావం ఇంగ్లీషు, అరబ్బీ, హిందీ, గురుముఖి లిపులలో ఉంది. కొన మీద మాత్రం తామరపువ్వు పైన ఇంగ్లీషు రాజు కిరీటం! ఎవరి యుద్ధం కోసం వీరి ప్రాణాలు పోయాయో అదే చెబుతున్నది.

అయినా ఇక్కడ పేర్లన్నా దక్కాయి. 1929లో బస్రాలో కట్టిన స్మారకం మీద భారతీయ అధికారుల పేర్లు చెక్కి, మామూలు సిపాయీలను పటాలం వారీగా లెక్క మాత్రమే వేశారు. ఈ తేడాకు యుద్ధ సమాధుల కమిషన్ 2021లో క్షమాపణ చెప్పింది. రాయి ఒకటే, యుద్ధం ఒకటే. గోడ మీద పేరుంటే మనిషి, లేకుంటే అంకె.

ఆ యుద్ధానికి మన హైదరాబాదు లాన్సర్లు కూడా ఈజిప్టు వైపు వెళ్ళారు. కనుక సభ్యులకు మా మనవి ఒక్కటే. మీ ఖాందాన్‌లో అలా పోయిన పెద్దలుంటే, వారి పేరు, తండ్రి పేరు, ఊరు పెద్దవాళ్ళనడిగి నేడే రాసి పెట్టండి. రాతి గోడ కట్టడం మన చేతిలో లేకపోవచ్చు, కాగితం మీద పేరు రాయడం ఉంది గదా!