అద్దాల వెనుక సముద్రం

నేను మద్రాసులో పుట్టి పెరిగిన తెలుగువాణ్ణి. మా ఇంటినుంచి సముద్రానికి నడిచి వెళ్ళవచ్చు. అలాంటివాడికి ఇంట్లో మళ్ళీ ఉప్పునీటి తొట్టి ఎందుకని మా ఆవిడ ముప్పయ్యేళ్ళుగా అడుగుతూనే ఉంది. ఇప్పుడు మా మనవడు ఉన్న రెండడుగుల తొట్టి తీసేసి నాలుగడుగులది పెడదామని పట్టుబట్టాడు. "చిన్నదానికంటే పెద్దది సాకడమే సులువు తాతయ్యా!" అన్నాడు. వాడి మాటలో నిజమెంతో చూద్దామని పాత పుస్తకాలు తిరగేశాను. తొట్టి సంగతి అలా ఉంచి, ఒక చరిత్రే చేతికి దొరికింది.

సముద్ర జీవులను గాజుతొట్టిలో పెట్టి శాస్త్రీయంగా పరిశీలించిన తొలి వ్యక్తుల్లో ముందు చెప్పవలసింది జాన్ విల్‌ప్రూ పవర్ అనే ఫ్రెంచి మహిళను. సిసిలీ ద్వీపంలోని మెస్సీనాలో కాపురముంటూ, 1832లో ఆమె గాజుతొట్లు చేయించుకుంది. ఆర్గోనాట్ అనే సముద్రజీవి తన గుల్లను తానే కట్టుకుంటుందా, మరొక జీవి గుల్లలో దూరి కాపురముంటుందా అని అప్పట్లో పండితులు వాదులాడుకుంటున్నారు. తానే కట్టుకుంటుందని ఆమె కళ్ళారా చూసి రుజువు చేసింది. అయితే ఆమెకు సముద్రం గుమ్మం ముందే ఉంది. నీళ్ళు చెడితే మార్చుకోవచ్చు.

తీరానికి దూరంగా ఉన్న ఇంట్లో పగడాలను బతికించిన ఘనత ఆనా థిన్ అనే ఆంగ్ల మహిళది. ఆమె భర్త లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ ఆబీలో మతాధికారి. 1846లో టార్కీ తీరానికి వెళ్ళినప్పుడు అక్కడి రాతి పగడాలను జాడీలో పెట్టుకుని లండన్ తెచ్చింది. దారిలో దొర్లిపోకుండా వాటిని సూదీదారంతో స్పాంజికి కుట్టిందట! తెచ్చిన సముద్రపు నీరు కొద్దిగానే ఉంది. అది పాడవకుండా ఉండాలంటే గాలి తగలాలి. అందుకని రోజూ అరగంటా ముప్పావుగంటా, తెరిచిన కిటికీ దగ్గర నిలబడి ఆ నీటిని ఒక పాత్రలోంచి మరొక పాత్రలోకి తిరగబోసేవారు. ఆ పని చేసింది ఆమె ఇంటి పరిచారిక. మన ఇళ్ళలో కాఫీ తిరగబోసినట్టే. ఈనాటి మోటారు పంపు చేసే పనిని ఆ రోజుల్లో ఒక ఆడమనిషి రెండు చేతులూ చేశాయి. తరవాత సముద్రపు నాచు కూడా వేసి, ఆ పగడాలను మూడేళ్ళకు పైగా కాపాడారు.

1850లో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు చేపలు, నీటిమొక్కలు, నత్తలు కలిసి ఒకదానినొకటి ఎలా పోషించుకుంటాయో వివరించాడు. 1853లో లండన్ జంతుప్రదర్శనశాలలో చేపల భవనం తెరిచారు. మరుసటి ఏడు ఫిలిప్ హెన్రీ గాస్ రాసిన పుస్తకంతో "అక్వేరియం" అనే మాట ఇంటింటికీ చేరింది. గాజుమీద పన్ను 1845లోనే రద్దయింది కనుక అద్దాలు చవకగా దొరికాయి. ఇంకేం, అదొక వెర్రి అయి కూర్చుంది. జనం బుట్టలూ సుత్తులూ పట్టుకుని తీరాలమీద పడి రాళ్ళగుంటల్లోని జీవాలను ఊడ్చుకుపోయారు. ఆ గుంటలు ఎలా పాడైపోయాయో గాస్ కొడుకు ఎడ్మండ్ 1907లో వెలువడిన తన పుస్తకంలో బాధపడుతూ రాసుకున్నాడు. తండ్రి ప్రేమతో చూపించినదాన్ని లోకం ప్రేమతోనే నాశనం చేసింది.

మన మద్రాసుకు ఆ ముచ్చట 1909లో వచ్చింది. మెరీనా తీరంలో అక్వేరియం తెరిచారు. దాని వెనుక ఉన్నది మ్యూజియం సూపరింటెండెంటుగా పనిచేసిన ఎడ్గర్ థర్స్టన్. మనవాళ్ళ కులాల గురించి ఏ వ్యాసం రాసినా ఉటంకించే ఏడు సంపుటాల గ్రంథం ఈయనదే. కె. రంగాచారి సాయంతో తయారైన ఆ గ్రంథం అచ్చయిందీ 1909లోనే! దక్షిణాది జనాన్ని సంపుటాల్లోనూ, దక్షిణాది చేపలను అద్దాల్లోనూ ఒకే ఏడు పెట్టినవాడన్నమాట. అప్పట్లో ఇక్కడి తమిళ జనం జంతుశాలను "ఉయిర్ కాలేజ్" అనీ, మ్యూజియాన్ని "సెత్త కాలేజ్" అనీ పిలిచేవారు. యుద్ధకాలంలో, 1942లో ఆ అక్వేరియం మూతపడింది. మా నాన్నగారు చిన్నప్పుడు అక్కడ చూసిన చేపల రంగులు చెబుతుంటే వింటూ పెరిగాను. నా పిచ్చికి మూలం అదే.

1993లో నేను తొట్టి కొన్నాను. నీళ్ళు పోసిన మూడో రోజునే ఒక దుకాణంనుంచి మూడు చేపలు, బతికున్న ఒక పగడపు ముద్ద తెచ్చి వేశాను. వారం తిరక్కుండా చేపలు పోయాయి. నెలలోపల పగడం తెల్లటి ఎముకలా మిగిలింది. బీసెంట్ నగర్ తీరానికి తీసుకెళ్ళి దాన్ని సముద్రంలో వదిలి వచ్చాను.

తప్పు ఎక్కడుందో చాలాకాలానికి గాని తెలియలేదు. చేపల విసర్జనలోంచి అమోనియా పుడుతుంది. అది విషం. ఒక జాతి సూక్ష్మజీవులు దాన్ని నైట్రైటుగా, మరో జాతి ఆ నైట్రైటును నైట్రేటుగా మారుస్తాయి. అవి తొట్టిలో కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. విశేషమేమిటంటే, ఈ మార్పు రెండు మెట్లలో జరుగుతుందని పొలాల మట్టిని పరిశోధించి చూపినవాడు పైన చెప్పిన వారింగ్టన్ కొడుకే. అతని పేరూ రాబర్టే. ఆ జీవులను విడదీసి పట్టుకోవడం మాత్రం అతనివల్ల కాలేదు. 1890లో రష్యన్ శాస్త్రజ్ఞుడు వినోగ్రాడ్‌స్కీ సాధించాడు. తండ్రి తొట్టికి కావలసిన రహస్యం కొడుకు చేలో దొరికింది.

1961లో జకార్తాకు చెందిన లీ చిన్ ఎంగ్ సముద్రంలోని జీవమున్న రాళ్ళను తెచ్చి తొట్టిలో పేర్చి, గాలిబుడగలు మాత్రం పెట్టి, పగడాలను సాకే విధానాన్ని ప్రచురించాడు. నీటిని శుభ్రం చేసే పని ఆ రాళ్ళలోని జీవులే చేస్తాయి. తరవాత జర్మనీవాళ్ళు దానికి గట్టి దీపాలూ, నురుగు తీసే యంత్రమూ జోడించారు.

ఇక మనవడి మాటకు వద్దాం. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. ఆవిరయ్యేది నీరే గాని ఉప్పు కాదు. ఉప్పుమడులు చూసినవారికి ఇది చెప్పనక్కరలేదు. మా 56 లీటర్ల తొట్టిలో ఒక లీటరు ఆవిరైతే ఉప్పు 35.6కి పెరుగుతుంది. మూడువందల లీటర్లదానిలో అదే లీటరు పోతే 35.1 దాటదు. వేడీ, విషమూ కూడా అంతే. పెద్ద నీరు మన పొరపాటును కొంతసేపు ఓర్చుకుంటుంది. కుర్రవాడి మాట నిజమే.

కాని వాడు పగడాలు కూడా కావాలన్నాడు. గుట్టుగా తెచ్చి ఇస్తామన్నవారూ తగిలారు. మన్నారు సింధుశాఖలో పగడపు రాళ్ళను సున్నానికీ, సిమెంటుకూ ఏళ్ళ తరబడి తవ్వుకున్నారు. ఇరవయ్యొక్క దీవుల్లో రెండు నీటమునిగాయి. 1986లో దాన్ని జాతీయ పార్కు చేశారు. 1998లో సముద్రం వేడెక్కి అక్కడి పగడాలు పాలిపోయాయి. 2001లో రాతి పగడాలను వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. ఇదంతా వాడికి చెప్పాను. నా తెల్లటి ముద్ద సంగతీ చెప్పాను. అది మాత్రం ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. వాడు కాసేపు ఊరుకుని, "సరే తాతయ్యా, క్లౌన్ చేపలు చాలు" అన్నాడు. వాటిని హేచరీల్లో పుట్టించడం కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ సాధించింది కనుక, సముద్రంనుంచి పట్టనివే అడిగి తెచ్చుకోవచ్చు.

నాలుగడుగుల తొట్టి వచ్చింది. పదిన్నర కిలోల ఉప్పు కలిపాం. చిన్న తొట్టిలోని ఇసుక కొంత తోడుపెట్టినట్టు వేశాం. ఆరు వారాలు ఖాళీగానే ఉంచాలి. ఈమధ్య నా కంటి ఆపరేషనుకు ముందు, ఆవిరైన నీరు ఎవరు పోస్తారని బెంగపడితే మా ఆవిడ నవ్వింది. నేను ఊళ్ళో లేని రోజులన్నిటా ఇన్నేళ్ళుగా గీతవరకు మంచినీళ్ళు పోస్తూ వచ్చింది తనేనట! నేను అడగనూ లేదు, తను చెప్పనూ లేదు. ఆనా థిన్ ఇంట్లో కిటికీ దగ్గర నిలబడి నీళ్ళు తిరగబోసిన ఆ పరిచారిక పేరేమిటా అని అప్పుడు పుస్తకాలన్నీ మళ్ళీ వెతికాను. నేను చదివినవాటిలో ఎక్కడా కనిపించలేదు.