చేప ఊపిరి నుంచి ఆకు అంచు దాకా: అక్వేరియంలో కార్బన్ డై ఆక్సైడ్ పంపిణీ – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
మొక్కలు పెంచే అక్వేరియంలో కార్బన్ డై ఆక్సైడ్ ఎంత ఉండాలన్న ప్రశ్న ముందు పుట్టింది. అది ప్రతి ఆకుకూ ఎలా చేరాలన్న ప్రశ్న చాలా ఆలస్యంగా వచ్చింది. 18వ శతాబ్ది ప్రయోగాల నుంచి 20వ శతాబ్ది చివరి గాజుతొట్టి వరకు ఈ రెండో ప్రశ్న రూపుదిద్దుకున్న క్రమాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: అక్వేరియం, నీటిమొక్కలు, కార్బన్ డై ఆక్సైడ్, విసరణ, నిశ్చల జలపొర, వారింగ్టన్.

1. ఉపోద్ఘాతం:
మన కళాశాలల వృక్షశాస్త్ర ప్రయోగశాలల్లో హైడ్రిల్లా ప్రయోగం సుపరిచితమే. బీకరులోని కొమ్మలపై గరాటు బోర్లించి, దానిపై నీటితో నింపిన పరీక్షనాళికను నిలిపి ఎండలో ఉంచితే బుడగలు పైకి వస్తాయి. నీటిలో కొద్దిగా సోడియం బైకార్బొనేట్ కలిపితే ఆ బుడగలు పెరుగుతాయి. ఎండ అదే, మొక్క అదే. మారినది కర్బన లభ్యత ఒక్కటే. ఈ చిన్న ప్రయోగం చెప్పే సత్యం అక్వేరియం నిర్వహణలోకి రావడానికి శతాబ్దానికి పైగా పట్టింది. ఆ జాప్యానికి కారణమేమిటన్నదే ఇక్కడ విచారణీయాంశం.

2. స్థిరవాయువు – నీటిమొక్క:
నీట ముంచిన ఆకులు ఎండలోనే ప్రాణవాయువును విడుస్తాయని యాన్ ఇంగెన్‌హౌజ్ 1779లో ప్రకటించాడు. జెనీవాకు చెందిన జాన్ సెనెబియే 1782లో మరో మెట్టు ఎక్కాడు. మరిగించి వాయువులు తొలగించిన నీటిలో ఆకులు బుడగలు విడవలేదు. 'స్థిరవాయువు' కరిగిన నీటిలో విడిచాయి. నాటి స్థిరవాయువే నేటి కార్బన్ డై ఆక్సైడ్, మన పాత పాఠ్యపుస్తకాల బొగ్గుపులుసు వాయువు. 1804లో సోస్యూర్ కొలతలతో ఈ అవగాహనను స్థిరపరిచాడు. అంటే నీటిమొక్కకు ఆహారం ఏమిటో అక్వేరియం పుట్టకముందే తెలుసు.

3. వారింగ్టన్ సమతౌల్యం:
లండన్ రసాయన శాస్త్రవేత్త రాబర్ట్ వారింగ్టన్ 1849లో ఒక తొట్టిలో గోల్డ్‌ఫిష్‌నూ వాలిస్నేరియా మొక్కనూ కలిపి ఉంచాడు. కుళ్లిన ఆకులు నీటిని పాడుచేయగా, వాటిని తినే నత్తలను చేర్చాడు. 1850లో కెమికల్ సొసైటీకి ఈ ఫలితాలు సమర్పించాడు. చేప విడిచే వాయువును మొక్క, మొక్క విడిచే వాయువును చేప గ్రహించి పరస్పరం నిలబడతాయన్నది ఆయన భావన. 1853లో లండన్ జంతుప్రదర్శనశాలలో తెరిచిన చేపలశాల, 1854లో వెలువడిన ఫిలిప్ హెన్రీ గాస్ గ్రంథం అక్వేరియం అభిరుచిని ఇంటింటికీ చేర్చాయి.

ఈ భావనలో ఒక పక్షపాతం దాగి ఉంది. ఇందులో కార్బన్ డై ఆక్సైడ్ వదిలించుకోవలసిన వ్యర్థం. మొక్క చేపకు పరిచారిక. మొక్కకు ఆ వాయువు చాలుతుందా అన్న ప్రశ్నకు ఇక్కడ చోటు లేదు. తర్వాత వచ్చిన విద్యుత్ గాలిపంపులూ చేప పక్షమే వహించాయి. వాయుమండలంతో సమస్థితికి వచ్చిన నీటిలో, 25 డిగ్రీల సెల్సియస్ వద్ద, లీటరుకు సుమారు 0.6 మిల్లీగ్రాముల కార్బన్ డై ఆక్సైడ్ మాత్రమే ఉంటుంది. అంతకు మించి ఉన్న వాయువును గాలిబుడగలు త్వరగా బయటికి పంపేస్తాయి.

4. విసరణ విధించిన హద్దు:
1905లో ఎఫ్. ఎఫ్. బ్లాక్‌మన్ ప్రతిపాదించిన అవధి కారకాల సూత్రం ప్రకారం, మిక్కిలి కొరతగా ఉన్న కారకమే కిరణజన్య సంయోగక్రియ వేగాన్ని నిర్ణయిస్తుంది. నీటిలో ఆ కొరత రెండు విధాలు: వాయువు తక్కువ కావడం ఒకటి, ఉన్నది కదలకపోవడం రెండోది. కార్బన్ డై ఆక్సైడ్ విసరణ గాలిలో కంటే నీటిలో సుమారు 10,000 రెట్లు మందం. కేవలం విసరణతో ఒక అణువు 1 మిల్లీమీటరు దాటడానికి సగటున 4 నిమిషాలకు పైగా, 10 సెంటీమీటర్లు దాటడానికి సుమారు ఒక నెల పడుతుంది. ప్రతి ఆకునూ కదలని నీటిపొర ఒకటి అంటిపెట్టుకుని ఉంటుంది. ఈ నిశ్చల జలపొర కిరణజన్య సంయోగక్రియను ఎంతగా అడ్డగిస్తుందో స్మిత్, వాకర్ 1980లో విశ్లేషించారు. ప్రవాహం పెరిగితే పొర పలచబడుతుంది. హైడ్రిల్లా బైకార్బొనేట్‌ను కూడా వాడుకుని ఈ కొరతను కొంత తట్టుకుంటుంది. ఫాంటినాలిస్ వంటి నీటి మాస్‌లకు ఆ వెసులుబాటు లేదు.

5. సిలిండరు నుంచి ఆకుకు:
జర్మనీలో కాస్పర్ హోర్స్ట్, హోర్స్ట్ కిప్పర్ మొక్కల అవసరాలను కేంద్రంగా చేసుకుని అక్వేరియం పద్ధతిని రూపొందించారు. వారి గ్రంథం 1986లో ఆంగ్లంలో వెలువడింది. జపాన్‌లో తకాషి అమానో (1954–2015) తన 'నేచర్ అక్వేరియం' శైలితో సిలిండరు ద్వారా వాయువు అందించడాన్ని ప్రపంచమంతటా ప్రచారంలోకి తెచ్చాడు. సూక్ష్మరంధ్రాల పింగాణీ పలక వాయువును సన్నని బుడగలుగా చీల్చి, నీటిని తాకే ఉపరితలాన్ని పెంచుతుంది. రియాక్టరు వాయువును నీటిలో పూర్తిగా కరిగించి పంపుతుంది. ఏ సాధనం వాడినా, తొట్టి నలుమూలలకూ తిరిగే ప్రవాహం లేకపోతే దట్టంగా పెరిగిన పొదల వెనుక కొరత మిగులుతుంది.

కొలతకూ ఇదే చిక్కు. కార్బొనేట్ కాఠిన్యం 4 జర్మన్ డిగ్రీలున్న ద్రావణంలో బ్రోమోథైమాల్ బ్లూ కలిపిన సూచిక, లీటరుకు సుమారు 30 మిల్లీగ్రాముల వద్ద ఆకుపచ్చగా మారుతుంది. అయితే అది తాను వేలాడుతున్న చోటి సంగతే చెబుతుంది. అదీ వాయువు సూచికలోకి చేరిన తర్వాత, ఆలస్యంగా.

6. ముగింపు:
మూలనున్న మొక్క వాడుతోందని వాయువు మోతాదు పెంచితే, ఆ మొక్క కంటే ముందు చేప బాధపడుతుంది. నీటిలో కార్బన్ డై ఆక్సైడ్ పెరిగితే చేప తన రక్తంలోని వాయువును విడవలేక ఉపరితలానికి చేరి రొప్పుతుంది. కనుక పంపిణీ లోపాన్ని పరిమాణంతో పూడ్చడం ఒక ప్రాణికి మేలు చేయబోయి మరో ప్రాణికి హాని చేయడమే. వారింగ్టన్ కోరిన సమతౌల్యం తప్పు కాదు. కానీ అది వాయువుల లెక్క సరిపోయినంత మాత్రాన సిద్ధించదు. సెనెబియే ఆహారాన్ని గుర్తించాడు, వారింగ్టన్ చక్రాన్ని ఊహించాడు. ఆ చక్రాన్ని తిప్పేది నీటి కదలిక అని గ్రహించడంతోనే అక్వేరియం చరిత్రలో మొక్క పరిచారిక స్థానం నుంచి సహజీవి స్థానానికి చేరింది.