సమాచార వ్యవస్థల క్యాప్‌స్టోన్ ప్రాజెక్టు

ఎంసీఏ, ఎం.ఎస్., ఎంబీఏ వంటి పీజీ కోర్సుల చివర్లో విద్యార్థులు జట్టుగా చేసే పెద్ద పనిని సమాచార వ్యవస్థల క్యాప్‌స్టోన్ ప్రాజెక్టు అంటారు. ఒక సంస్థలో సమాచారం ఎక్కడ పుడుతోంది, ఎన్ని చేతులు మారుతోంది, ఎక్కడ ఆగిపోతోంది అన్నది పరిశీలించి, ఆ చిక్కు తీర్చే వ్యవస్థను తయారుచేసి, వాడేవాళ్లకు అప్పగించడం ఇందులోని పని. తెలుగు రాష్ట్రాల కాలేజీల్లో దీనికి దగ్గరగా ఉండేది ‘మేజర్ ప్రాజెక్టు’. ఎంటెక్ డిజర్టేషన్ సాధారణంగా ఒక్కరే రాసేది, కొత్త ఫలితాన్ని కోరేది. క్యాప్‌స్టోన్ జట్టు పని. దానికి కావలసింది ఒక సంస్థకు పనికొచ్చే పరిష్కారం.

నేపథ్యం

సమాచార వ్యవస్థలు ప్రత్యేక చదువుగా 1960లలో రూపుదిద్దుకున్నాయి. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయం 1968లో మేనేజ్‌మెంట్ ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ కోర్సులు మొదలుపెట్టింది. కంప్యూటర్ నిపుణుల సంఘం ఏసీఎం 1972లో పీజీ స్థాయికి పాఠ్యప్రణాళికను సిఫార్సు చేసింది. ప్రోగ్రాము రాయడం ఒక్కటే చాలదని, సంస్థ నడిచే తీరు కూడా తెలియాలని ఆ ప్రణాళిక చెప్పింది. ఏసీఎం, సమాచార వ్యవస్థల అధ్యాపకుల, పరిశోధకుల సంఘం ఏఐఎస్ కలిసి ఈ ప్రణాళికను 2000లో, 2006లో, 2016లో సవరించాయి. 2016 నమూనా కోర్సుల జాబితాను పక్కనపెట్టి, చదువు ముగిసేసరికి విద్యార్థి ఏమేం చేయగలగాలి అన్నదాన్ని కొలమానంగా తీసుకుంది. ఆ సామర్థ్యాలన్నిటినీ ఒకేచోట పరీక్షించే వీలు క్యాప్‌స్టోన్‌లో ఉంటుంది.

చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, 1994లో ట్యూరింగ్ పురస్కారం అందుకున్న కంప్యూటర్ శాస్త్రవేత్త రాజ్ రెడ్డి ఆలోచనతో 2001లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎంఎస్ఐటీ (మాస్టర్ ఆఫ్ సైన్స్ ఇన్ ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ) కోర్సు మొదలైంది. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం సహకరించింది. గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీతోపాటు రాష్ట్ర విశ్వవిద్యాలయాలు కూటమిగా దీన్ని నడిపాయి. ఉపన్యాసాలు తగ్గించి, పని ఇచ్చి, ఆ పని చేయిస్తూ నేర్పడం దీని పద్ధతి. మామూలు కోర్సుల్లో చివరి సెమిస్టరుకు వాయిదా పడే ప్రాజెక్టు అనుభవాన్ని ఇది మొదటి నుంచే అలవాటు చేసింది. ఎంసీఏ కోర్సును 2020–21 నుంచి మూడేళ్ల నుంచి రెండేళ్లకు కుదించడంతో, ప్రాజెక్టు అంశాన్ని ముందుగానే వెతుక్కోవలసిన అవసరం పెరిగింది.

క్లయింటు

క్యాప్‌స్టోన్‌ను తరగతి అసైన్‌మెంటు నుంచి వేరుచేసేది క్లయింటు. అసైన్‌మెంటులో సమస్యను అధ్యాపకుడే స్పష్టంగా రాసి ఇస్తాడు. క్లయింటుకు తన సమస్య ఏమిటో పూర్తిగా తెలియదు; తెలిసినా ఒక్కొక్క ఉద్యోగి ఒక్కోలా చెబుతాడు; నెల తిరిగేసరికి మాట మారుతుంది. ఆ గందరగోళం నుంచి రాతపూర్వకమైన ఒప్పందం రాబట్టడం జట్టుకు మొదటి పరీక్ష. కార్నెగీ మెలన్‌లోని హైంజ్ కాలేజీలో సమాచార వ్యవస్థల పీజీ విద్యార్థులు బయటి సంస్థల కోసమే జట్లుగా ప్రాజెక్టు చేస్తారు. హైదరాబాద్‌లోని ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ నడిపే ‘ఎక్స్‌పీరియెన్షియల్ లెర్నింగ్ ప్రోగ్రామ్’ కూడా ఈ కోవలోనిదే.

దశలు: ఒక ఊహా ఉదాహరణ

హైదరాబాద్‌లోని షేక్‌పేట మండలంలో ఫిల్మ్‌నగర్, జూబ్లీహిల్స్ ఉన్నాయి. అక్కడి సినిమా నిర్మాణ సంస్థ ఒకటి క్లయింటు అనుకుందాం. ప్రొడక్షన్ మేనేజరు అడిగింది ఒకటే: ‘జూనియర్ ఆర్టిస్టుల బత్తా లెక్కలు ఆలస్యమవుతున్నాయి, ఒక యాప్ చేసిపెట్టండి.’

అవసరాల సేకరణ: జట్టు రెండు మూడు షూటింగులు దగ్గరుండి చూస్తుంది. లెక్క కట్టడానికి పట్టే సమయం తక్కువేనని అప్పుడు తేలుతుంది. ఎవరెవరు ఎప్పుడు రావాలో చెప్పే కాల్‌షీటు ముందురోజు రాత్రి ఫోన్లలో మారిపోతుంది. పిలిచిన జూనియర్ ఆర్టిస్టుల సంఖ్యకూ వచ్చినవాళ్ల సంఖ్యకూ పొంతన ఉండదు. ఆర్టిస్టులను పంపే ఏజెంటు జాబితా ఒకటి, మేనేజరు నోటుపుస్తకం మరొకటి చెబుతాయి. షూటింగు ఆలస్యంగా ముగిసిన రోజున అదనపు సొమ్ము ఎంతన్న దగ్గర పేచీ వస్తుంది. కనుక ముందు కావలసింది చెల్లింపుల యాప్ కాదు, ఇరుపక్షాలూ ఒప్పుకునే ఒకే హాజరు పట్టీ. అడిగినదానికీ అవసరమైనదానికీ ఉన్న ఈ తేడాను బయటపెట్టడమే ఈ దశకు ఫలితం.

రూపకల్పన: ఒక సినిమాకు ఎన్నో షెడ్యూళ్లు ఉంటాయి, ఒక ఆర్టిస్టు ఒకే నెలలో నాలుగు సినిమాలకు పనిచేయవచ్చు. అందువల్ల డేటాబేసులో హాజరును ఆర్టిస్టుకో సినిమాకో నేరుగా అంటగట్టకుండా, ఫలానా తేదీ ఫలానా కాల్‌షీటుకు ముడిపెట్టాలి. రేట్లు మారుతుంటాయి కాబట్టి ఏ తేదీ నుంచి ఏ రేటు అమల్లో ఉందో విడిగా దాచాలి. లేకపోతే కొత్త రేటు ఎక్కించగానే పాత లెక్కలన్నీ తప్పుతాయి.

నిర్మాణం: ఔట్‌డోర్‌లో సిగ్నల్ అందని చోట్లుంటాయి. ఫోన్లోనే హాజరు నమోదు చేసుకుని, నెట్ అందినప్పుడు సర్వరుకు పంపే ఏర్పాటు కావాలి. ఆర్టిస్టుల ఆధార్, బ్యాంకు ఖాతా వివరాలు నిల్వచేస్తే 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం గుర్తుకు రావాలి. అవసరం లేని వివరం అసలు తీసుకోకపోవడమే అన్నిటికన్నా సురక్షితం.

పరీక్ష, అప్పగింత: ఒక షెడ్యూలు మొత్తం నోటుపుస్తకాన్నీ కొత్త వ్యవస్థనూ పక్కపక్కనే నడిపి, రెండు లెక్కలూ సరిపోల్చాలి. తర్వాత సిబ్బందికి శిక్షణ, తెలుగులో వాడుక పుస్తకం, సోర్స్ కోడ్, పాస్‌వర్డులు అప్పగించాలి.

థియేటర్ల నుంచి డిస్ట్రిబ్యూటరుకు రోజూ వచ్చే వసూళ్ల నివేదిక, అంటే డీసీఆర్, మీద కూడా ఇలాంటి ప్రాజెక్టు చేయవచ్చు. నైజాం, సీడెడ్, ఆంధ్ర అన్న ఏరియాల పంపకం, థియేటరు అద్దె, పన్నులు అందులో లెక్కకు వస్తాయి.

షేక్‌పేట పరిసరాల్లోని వనరులు

షేక్‌పేటలో 1997లో స్థాపించిన జి. నారాయణమ్మ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ అండ్ సైన్స్ మహిళల ఇంజనీరింగ్ కాలేజీ. దేశంలో తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయంగా 1982లో ఏర్పడి, ఇప్పుడు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరుతో ఉన్న సంస్థ జూబ్లీహిల్స్‌లో ఉంది. ఉద్యోగం చేస్తూ దూరవిద్యలో చదివేవారికి ఒక అనుకూలత ఉంది: వాళ్ల ఆఫీసే వాళ్లకు ప్రాజెక్టు స్థలం కాగలదు.

జూబ్లీహిల్స్‌లోని మర్రి చెన్నారెడ్డి మానవ వనరుల అభివృద్ధి సంస్థ ప్రాంగణంలో 2001లో ఏర్పడిన సెంటర్ ఫర్ గుడ్ గవర్నెన్స్ ప్రభుత్వ శాఖలకు సమాచార వ్యవస్థలు తయారుచేస్తుంది. పాఠాలుగా చదువుకోదగ్గ ప్రభుత్వ వ్యవస్థల చరిత్ర కూడా ఇక్కడ దండిగా ఉంది. రిజిస్ట్రేషన్ కార్యాలయాలను కంప్యూటరీకరించిన ‘కార్డ్’ 1998లో వచ్చింది. బిల్లులన్నీ ఒకే కౌంటరులో కట్టే ఏర్పాటును 1999లో ‘ట్విన్స్’ పేరుతో హైదరాబాద్‌లో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టారు. అదే 2001లో ఈసేవ అయింది. 2011లో మీసేవ వచ్చింది. తెలంగాణలో భూ రికార్డుల ‘ధరణి’ 2020లో ప్రారంభమై, 2025లో ‘భూభారతి’కి చోటిచ్చింది. చట్టం, ఉద్యోగుల అలవాట్లు, పాత రికార్డుల్లోని తప్పులు ఒక సాఫ్ట్‌వేర్ భవిష్యత్తును ఎలా నిర్ణయిస్తాయో చూపడానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణలు అక్కర్లేదు.

మూల్యాంకనం

సాధారణంగా అంశం ఆమోదం, మధ్యలో రివ్యూలు, నివేదిక, బయటి ఎగ్జామినరు ఎదుట వైవా ఉంటాయి. జట్టు పనికి మార్కులు వేయడంలో అసలు కష్టం ఎవరి వాటా ఎంతో తేల్చడం. కోడింగ్ బాగా వచ్చినవాడి మీద బరువంతా పడటం, మిగతావాళ్లు పీపీటీతో సరిపెట్టడం కాలేజీల్లో తెలిసిన సంగతే. దీనికి విరుగుడుగా వారంవారం పని చిట్టా, ఎవరు ఏ మార్పు చేశారో చూపే కోడ్ చరిత్ర, సభ్యులు ఒకరికొకరు వేసే మార్కులు, వైవాలో ఒకరు చేసిన భాగాన్ని మరొకరిచేత చెప్పించడం వంటి పద్ధతులు వాడతారు. క్లయింటు అభిప్రాయానికి కూడా మార్కులు ఉంటే జట్టు దృష్టి డెమో నుంచి వాడకం వైపు మళ్లుతుంది.

విమర్శలు

హైదరాబాద్‌లోని అమీర్‌పేట, మైత్రీవనం చుట్టుపక్కల కోచింగ్ సెంటర్లతోపాటు రెడీమేడ్ ప్రాజెక్టుల బజారు కూడా పెరిగింది. ‘ఐఈఈఈ ప్రాజెక్టులు’ అన్న పేరుతో కోడు, నివేదిక, పీపీటీ కలిపి అమ్ముతారు. నకలును అరికట్టడానికి యూజీసీ 2018లో నిబంధనలు తెచ్చింది. వాటి ప్రకారం విద్యార్థి రచనలో పోలిక 10 శాతం లోపు ఉంటే శిక్ష లేదు. 10 నుంచి 40 శాతం వరకు ఉంటే సరిచేసి మళ్లీ ఇవ్వాలి. 40 నుంచి 60 వరకు ఉంటే ఏడాది పాటు సమర్పించడానికి వీల్లేదు. 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దవుతుంది. అయితే ఈ కొలత నివేదికలోని వాక్యాలను పట్టుకుంటుంది కానీ, కొన్న కోడును పట్టుకోలేదు. కృత్రిమ మేధ పరికరాలు కోడు రాసిపెడుతున్న రోజుల్లో ఈ లోటు మరింత పెరిగింది. బజారులో దొరికే ప్రాజెక్టుకు లేనిది క్లయింటు ఒక్కడే. ఫలానా మేనేజరుతో ఎప్పుడు మాట్లాడారు, ఆయన ఏది కాదన్నారు, దానివల్ల డిజైను ఎలా మారింది అన్న ప్రశ్నలకు కొన్న ప్రాజెక్టుతో జవాబు చెప్పడం కష్టం.

ప్రవాస విద్యార్థులు

అమెరికాలోని బ్రూకింగ్స్ సంస్థ 2014 అధ్యయనం ప్రకారం 2008–2012 మధ్య అక్కడికి వెళ్లిన విద్యార్థుల్లో 26 వేలమందికి పైగా హైదరాబాద్‌వారే. వారిలో అత్యధికులు సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణిత కోర్సుల్లో చేరారు. పని అనుభవం లేకుండా వెళ్లినవారికి అక్కడి క్యాప్‌స్టోన్ రెజ్యూమెలో చూపుకునే మొదటి నిజమైన క్లయింటు పని అవుతుంది. ఇంటర్వ్యూలలో వాడిన టెక్నాలజీ గురించి అడిగినంతగా, జట్టులో తగాదా వస్తే ఏం చేశారు, క్లయింటు మాట మార్చితే ఎలా సర్దుకున్నారు అని కూడా అడుగుతారు.

కొనసాగింపు

క్యాప్‌స్టోన్‌కు ఉన్న సహజమైన బలహీనత, సెమిస్టరుతో జట్టు చెదిరిపోవడం. ఉద్యోగాలొచ్చి విద్యార్థులు వెళ్లిపోయాక సర్వరు అద్దె కట్టేవాళ్లు, తప్పులు దిద్దేవాళ్లు ఉండరు. అందుకే క్లయింటు సిబ్బందిలో ఒకరిని మొదటి నుంచీ బాధ్యుడిగా పెట్టుకోవడం, సంస్థ స్వయంగా నడుపుకోగల సాదా టెక్నాలజీ ఎంచుకోవడం, తర్వాతి బ్యాచ్ అదే వ్యవస్థను అందుకుని పెంచేలా చూడటం మేలు. రెండో బ్యాచ్‌కు ఎదురయ్యేది పాత కోడు, అసంపూర్ణమైన పత్రాలు, అప్పటికే వాడకానికి అలవాటుపడ్డ క్లయింటు. ఉద్యోగంలో చేరాక సాధారణంగా చేతికొచ్చే పని కూడా అలాంటిదే కాబట్టి, ఆ బ్యాచ్ పొందే శిక్షణ మొదటి బ్యాచ్‌కన్నా తక్కువదేమీ కాదు.