పువ్వులు కత్తిరించి దుప్పటి కుట్టినవాళ్ళు

బొటిక్‌లో కుషన్ కవరు చేతిలోకి తీసుకుని, ధర చూసి, ఎవరూ గమనించకుండా తిరగేసి లోపలి కుట్టు ఎలా వేశారో చూడనివాళ్ళు మనలో ఎంతమంది ఉంటారు? నేనైతే తప్పకుండా చూస్తాను. తెల్ల కాటన్ మీద కలంకారీ పువ్వో, నెమలో కత్తిరించి అతికించి చుట్టూ చేత్తో కుట్టిన కవర్లు ఈమధ్య బాగా నడుస్తున్నాయి. నేను చూసినవాటిలో ఒక్కోటి 1,800 రూపాయలు. కలంకారీ గుడ్డ మాత్రం అందులో జానెడుకు మించి లేదు. మనం "ప్యాచ్ వర్కే కదా" అని తేలిగ్గా అనేసే ఈ పనికి 300 ఏళ్ళ చరిత్ర ఉంది. ఆ చరిత్రలో మన మచిలీపట్నం ఉంది.

డచ్చివాళ్ళు, ఆ వెనకే 1611లో ఇంగ్లీషువాళ్ళు మచిలీపట్నంలో వర్తకం మొదలుపెట్టారు. మొదట మన బట్టలు కొన్నది తమ ఇళ్ళకోసం కాదు. తూర్పు దీవుల్లో ఈ బట్టలిచ్చి మిరియాలు, లవంగాలు తెచ్చుకోవడానికి. తర్వాత కదా సొంత ఊళ్ళలోనూ మోజు మొదలైంది. మొదలవక ఏం చేస్తుంది? వాళ్ళకున్నది ఉన్ని, నార బట్ట, డబ్బున్నవాళ్ళకు పట్టు. పువ్వులున్న బట్ట ఉతికితే రంగు నిలవడమన్నది వాళ్ళకు కొత్త సంగతి. మనవాళ్ళు గుడ్డను కరక్కాయ, పాలతో తడిపి ఆరబెట్టి, పటిక నీళ్ళతో బొమ్మ వేసి, చిరివేరుతో ఉడికిస్తే పటిక తగిలినచోట ఎరుపు పట్టేది. ఇనుప తుక్కు, బెల్లం ఊరబెట్టిన నీళ్ళతో నలుపు. నీలిమందుతో నీలం. ఇది రంగు పూయడం కాదు, నూలు లోపలికి రంగు ఎక్కించడం. అందుకే ఉతికినా పోదు.

ఇంగ్లీషువాళ్ళు దాన్ని 'చింట్స్' అన్నారు. మన పాత నిఘంటువుల్లో 'చీటిగుడ్డ' అని కనిపించేది ఈ అద్దకపు బట్టే. లండన్‌లో శామ్యూల్ పెప్స్ అనే ఉద్యోగి భార్య గది గోడలకు వేలాడదీయడానికి 1663లో ఈ గుడ్డ కొన్నట్టు డైరీలో రాసుకున్నాడు. అప్పటికి అది ఇప్పటి మన బొటిక్ సరుకులాంటిదే అనుకోండి.

మోజు ఎంత పెరిగిందంటే అక్కడి పట్టు, ఉన్ని నేతగాళ్ళకు పని తగ్గింది. ఫ్రాన్సు 1686లో ఈ బట్టను నిషేధించింది. తేవడం, అద్దడం, కట్టుకోవడం అన్నీ నేరమే. ఆ నిషేధం 1759 దాకా ఉంది. ఇంగ్లండు 1700లో దిగుమతి మీద ఒక చట్టం, 1721లో వాడకం మీద మరో చట్టం చేసింది. కట్టుకున్నవాళ్ళకు 5 పౌండ్ల జరిమానా. అంతకు రెండేళ్ళ ముందే, 1719లో, లండన్ నేతగాళ్ళు వీధుల్లో ఈ బట్ట కట్టుకున్న ఆడవాళ్ళను వెంటాడి ఒంటిమీది బట్టలు చింపారు, యాసిడ్ లాంటివి పోశారు. నేతగాళ్ళ ఆకలి నిజమే. కానీ ఓడలు నడిపిన కంపెనీని వదిలేసి దారిన పోయే ఆడదాని గౌను పట్టుకోవడం చూస్తే, ఏ దేశమైనా కోపం ఎవరిమీదికి సులువుగా దిగుతుందో తెలుస్తోంది. తర్వాతి కాలంలో ఫ్రాన్సు రాజుగారికి ప్రియురాలైన మేడమ్ ద పోంపదూర్ ఇంటినిండా నిషేధించిన ఈ గుడ్డలే ఉండేవి. ఆమె జోలికి ఎవరు పోతారు!

ఇక అసలు విషయానికి వస్తాను. అంత ఖరీదు, పైగా దొరకని బట్ట చేతిలో మూరెడే ఉంటే ఇల్లాలు ఏం చేస్తుంది? ముక్క కూడా పారేయదు. ఇంగ్లండు ఉత్తరాన లెవెన్స్ హాల్ అనే ఇంట్లో 1708 ప్రాంతంలో కుట్టిన మంచం తెరలు, దుప్పటి ఇప్పటికీ ఉన్నాయి. భారతదేశపు చింట్స్ ముక్కలు పొందికగా కలిపి కుట్టినవి. ఆ ఇంటి ఆడపిల్లలు కలిసి కుట్టారని చెబుతారు. మన అమ్మమ్మల బొంతకు అది దొరసాని రూపం. ఇంకొందరు మరో ఉపాయం పట్టారు. పువ్వు చుట్టూ, పిట్ట చుట్టూ కాస్త అంచు వదిలి కత్తిరించడం, చవక తెల్లగుడ్డ మీద ఎడంగా పరచడం, అంచు లోపలికి మడిచి హెమ్మింగో కాజా కుట్టో వేయడం. గజం చింట్స్‌తో మంచమంతా నిండే దుప్పటి వచ్చేది. దూరం నుంచి చూస్తే మన తీరంనుంచి వెళ్ళిన జీవవృక్షపు పలంపోరు దుప్పటిలాగే ఉండేది. అమెరికాలోనూ 1800కి అటూఇటూ ఇలాంటివి బోలెడు కుట్టారు. తర్వాతెప్పుడో ఈ పనికి 'బ్రోదరీ పెర్స్' అని పేరొచ్చింది. పర్షియా ఎంబ్రాయిడరీ అని అర్థం. గుడ్డ మనది, కుట్టు వాళ్ళది, పేరు పర్షియాది.

ఈ ఇల్లాళ్ళ నకలు వల్ల మచిలీపట్నంలో ఎవరి పొయ్యీ ఆరలేదు. ఆర్పింది వేరే నకలు. పుదుచ్చేరి వైపు పనిచేసిన కూర్దూ అనే ఫ్రెంచి ఫాదరీ అద్దకం పనివాళ్ళను అడిగి తెలుసుకుని, ఏ వరసలో ఏం చేస్తారో 1742లో జాబు రాసి పంపాడు. ఆయనే తెలుగు, సంస్కృతం, ఫ్రెంచి నిఘంటువు కూడా కూర్చాడు! తెలుగు బి.ఏ. చదివినదాన్ని, ఆయన్ని మెచ్చుకోవాలో తిట్టుకోవాలో తేల్చుకోలేకపోతున్నాను. ఫ్రాన్సులో నిషేధం తీశాక 1760లో ఓబర్‌కాంఫ్ అనే ఆయన జూయి ఊళ్ళో అద్దకం కార్ఖానా పెట్టాడు. 1783లో ఇంగ్లండులో రాగి రోలరుతో అద్దే యంత్రానికి పేటెంటు వచ్చింది. చేత్తో వారాలు పట్టే పని గంటల్లోకి వచ్చేసింది. చివరకు ఆ మిల్లు అద్దకాలు మన సంతలకే వచ్చాయి.

ఇప్పుడు పెడనలో చెక్క అచ్చులతో అద్దేవాళ్ళకు ఎదురుగా నిలబడ్డదీ అలాంటిదే. స్క్రీన్ ప్రింటు, డిజిటల్ ప్రింటు బట్ట 'కలంకారీ' పేరుతోనే మీటరు చవగ్గా దొరుకుతోంది. ఇంట్లో కుట్టుకునేవాళ్ళం చవకే చూస్తాం, కాదనను. కానీ మీటరు అక్కర్లేని పనికి చవక మీటరు ఎందుకు? అచ్చు అద్దకంలో రంగు వెనక్కి దిగుతుంది, అచ్చూ అచ్చూ కలిసేచోట వెంట్రుకవాసి తేడా కనబడుతుంది. ఆ తేడా ఉన్న గుడ్డ ముక్కే నేను ఏరుకుంటాను. చీర జాకెట్టు కుట్టించాక టైలరు దగ్గర మిగిలిన పీలికలు అడిగి తెచ్చుకుంటాను.

మొన్న రెండు జాకెట్ల పీలికలతో ఐదు కవర్లు అయ్యాయి. తెల్ల కాటన్‌కు 240 రూపాయలు. పావు అంగుళం అంచు వదిలి కత్తిరించి, ముందు పొడుగు టాకాలు వేసుకుని, ఆ తర్వాతే కాజా కుట్టు వేశాను. నెమలి తోక దగ్గర మాత్రం కత్తెర నిదానంగా నడవాలి. మధ్యాహ్నాలు నాలుగు పట్టింది. ఇంకో నెమలి మిగిలింది. మా అమ్మాయి దాన్ని తన పాత జీన్స్ జాకెట్ వీపు మీదికి అడుగుతోంది.