వలస గద్దల లెక్కింపు

ఆశ్వయుజ, కార్తీక మాసాల్లో ఉత్తర దేశాల నుంచి దక్షిణానికి తరలివచ్చే గద్దలను, డేగలను ఒక నిర్ణీత స్థలం నుంచి జాతివారీగా, గంటగంటకూ లెక్కపెట్టి రాసుకునే పద్ధతి ఇది. ఏటేటా అదే చోట, అదే రోజుల్లో, అదే తీరున చేస్తేనే ఈ లెక్కకు విలువ. ఒక్క ఏటి అంకె గాలివాటాన్ని బట్టి మారుతుంది. పాతికేళ్ల అంకెలు ఆ జాతి బాగోగులు చెబుతాయి.

వెడల్పు రెక్కల పెద్ద గద్దలు ఎండకు కాగిన నేల నుంచి లేచే వేడిగాలిలో సుడి తిరుగుతూ పైకెక్కి, రెక్క ఆడించకుండా జారుతూ పోయి మరో సుడిని అందుకుంటాయి. సముద్రం మీద అలాంటి గాలి సరిగా లేవదు కనుక నీటిని తప్పించుకుని సన్నటి నేలదారుల్లో గుమిగూడతాయి. మెక్సికోలోని వెరాక్రూజ్ మీదుగా ఏటా 40 లక్షలకు పైగా, నల్ల సముద్రానికీ కొండలకూ మధ్యనున్న జార్జియాలోని బటూమి మీదుగా 10 లక్షలకు పైగా పక్షులు సాగేది అందుకే.

అమెరికాలోని పెన్సిల్వేనియాలో హాక్ మౌంటెన్ ఒకప్పుడు గద్దలను సరదాకు కాల్చిన కొండ. 1934లో రోసలీ ఎడ్జ్ దాన్ని కౌలుకు తీసుకుని కాల్పులు మాన్పించారు. కాపలాకు వచ్చిన మారిస్ బ్రౌన్ ఆ ఏడే లెక్క మొదలుపెట్టారు. అక్కడ కనబడిన తెల్లతల గద్దల్లో 1935–39 మధ్య 40 శాతం పిల్లలు. 1955–59 నాటికి 20 శాతమే. డీడీటీ పురుగుమందు మీద 1962లో వెలువరించిన ‘సైలెంట్ స్ప్రింగ్’లో రేచెల్ కార్సన్ ఈ అంకెలను సాక్ష్యంగా చూపారు. చచ్చిన పక్షి ఒక్కటీ చేతికి దొరక్కుండానే, పుట్టాల్సిన పిల్లలు పుట్టడం లేదని పట్టించిన లెక్క అది.

తెలుగు నేల మీద వెరాక్రూజ్, బటూమి లాంటి ఇరుకుదారి లేదు. ఖమ్మం జిల్లా వైరా దగ్గర నిలబడితే ఇటు జలాశయం, అటు వరి, పత్తి, మిరప చేలు. ఆకాశం నాలుగు దిక్కులా తెరిచే ఉంటుంది. వలస పక్షులు చెదిరి వస్తాయి. కాబట్టి మన దగ్గర పగటి దారిలో కంటే రాత్రి బస దగ్గర లెక్కపెట్టడం మేలు. అందుకు అనువైనవి పిల్లిగద్దలు. పగలంతా వేటికవిగా చేల మీద తక్కువ ఎత్తులో తిరుగుతూ మిడతలను, ఎలుకలను, చిన్న పిట్టలను పట్టి, పొద్దుగూకే వేళకు ఒకే గడ్డిబీడు చేరి నేల మీదే పడుకుంటాయి. నంద్యాల జిల్లాలో బట్టమేక పిట్ట కోసం 1988లో ఏర్పడిన రోళ్లపాడు అభయారణ్యం, 6.14 చదరపు కిలోమీటర్ల చిన్న బీడు, ఈ బసకు పేరుపడింది.

బస దగ్గర లెక్క పైకి కనిపించినంత తేలిక కాదు. సూర్యాస్తమయానికి కాస్త ముందు మొదటి పక్షి వస్తుంది. దిగుతుంది, నచ్చక మళ్లీ లేస్తుంది, ఇంకో గడ్డి దుబ్బు వెతుక్కుంటుంది. దిగినవాటిలోంచి లేచినవాటిని తీసేయకపోతే ఒక్కటే నాలుగవుతుంది. బీడుకు రెండు వైపులా మనుషులుండాలి. మగవాటిలో రెక్క కొసన నల్లటి మేకు ఆకారం ఉన్నది ఒక జాతి, రెక్క మీద అడ్డంగా నల్లచార ఉన్నది మరో జాతి. గోధుమరంగు ఆడవి, పిల్లలు మాత్రం మసక వెలుతురులో ఒక్కలాగే ఉంటాయి. వాటికి జాతి అంటగట్టకుండా విడిగా రాయడమే నిజాయితీ. పొద్దున పక్షులు వెళ్లాక గడ్డిలో వెతికితే అవి కక్కిన ఉండలు దొరుకుతాయి. విప్పి చూస్తే మిడత కాళ్లు, ఈకలు, వెంట్రుకలు. రైతుకు ఆ పక్షి చేస్తున్న మేలు ఆ ఉండలోనే ఉంది.

అమూర్ డేగది వేరే దారి. సుమారు 150 గ్రాముల ఈ పక్షి సైబీరియా, ఉత్తర చైనాల నుంచి వచ్చి నాగాలాండ్‌లో ఆగి, ఉసుళ్లు తిని బలిసి, భారతదేశాన్నీ అరేబియా సముద్రాన్నీ దాటి దక్షిణ ఆఫ్రికా చేరుతుంది. 2012లో నాగాలాండ్‌లోని దోయాంగ్ జలాశయం దగ్గర లక్షకు పైగా వలలకు బలయ్యాయని అంచనా. మరుసటి ఏడు అక్కడి పాంగ్టి గ్రామస్థులు వేట మానేశారు. 2013 నవంబరులో మూడింటికి ఉపగ్రహ పరికరాలు కట్టి వాటికి నాగా, వోఖా, పాంగ్టి అని పేర్లు పెట్టారు. రాత్రీ పగలూ ఆగక, ఎత్తున పోయే ఈ డేగల దారి తెలియాలంటే ఆ పరికరమే దిక్కు.

మన లెక్కల కాగితాల మీద పేర్లన్నీ ఇంగ్లిషువే కావడం బాధాకరం. 1840లలో నెల్లూరులో వైద్యుడిగా పనిచేసిన థామస్ జెర్డన్ ‘ద బర్డ్స్ ఆఫ్ ఇండియా’లో తెలుగు పేర్లూ నమోదు చేశారు: పిల్లిగద్ద, భైరి డేగ, కొరమీను గద్ద. ఈ చివరిది చలికాలపు అతిథి. జలాశయం మీద గాల్లో ఒక్క క్షణం నిలిచి, కాళ్లు ముందుకు చాచి నీళ్లలో పడి చేపతో లేచే పక్షి.