దూర నోటరీలో రుజువు ఎక్కడుంటుంది?

ఆన్‌లైన్ దూర నోటరీ పద్ధతిలో సంతకందారు ఒకచోట, నోటరీ ఇంకోచోట ఉంటారు. ఇద్దరూ వీడియోలో ఒకరినొకరు చూసుకుంటూ మాట్లాడుకుంటారు. తెర మీదున్న దస్తావేజుకు ఒకరు సంతకం చేస్తే, మరొకరు ముద్ర వేస్తారు. అమెరికాలో దీనికి మొదట చట్టబద్ధత కల్పించిన రాష్ట్రం వర్జీనియా. 2011లో చేసిన చట్టం 2012 జులై 1 నుంచి అమల్లోకి వచ్చింది. నోటరీ ఆ రాష్ట్రంలోనే ఉండి పని చేయాలి, సంతకందారు మాత్రం ప్రపంచంలో ఎక్కడున్నా సరే. టెక్సస్, నెవాడా 2017లో, ఫ్లోరిడా 2019లో చట్టాలు చేశాయి. 2020 మార్చిలో కొవిడ్ వల్ల ఆఫీసులు మూతపడ్డాక న్యూయార్క్ గవర్నర్ 202.7 నంబరు ఉత్తర్వుతో వీడియో నోటరీని తాత్కాలికంగా అనుమతించారు. చాలా రాష్ట్రాలు అదే దారి పట్టాయి, తర్వాత శాశ్వత చట్టాలూ వచ్చాయి.

ఈ పద్ధతి మీద జరిగిన చర్చ మొత్తం ఒకే ప్రశ్న చుట్టూ తిరిగింది: తెర మీద కనిపించడం ఎదుట నిలబడటంతో సమానమా? కాదనే పక్షాన్ని సమక్షవాదం అనవచ్చు. దానికి గట్టి పత్రాధారం అమెరికా రాష్ట్రాల కార్యదర్శుల జాతీయ సంఘం 2006లో ఆమోదించిన ఎలక్ట్రానిక్ నోటరీ ప్రమాణాలు. ఎలక్ట్రానిక్ సంతకాన్నీ ముద్రనూ ఒప్పుకున్న ఆ ప్రమాణాలు, సంతకందారు మాత్రం నోటరీ ఎదుట స్వయంగా హాజరు కావాల్సిందేనన్నాయి. 2018లో అదే సంఘం వాటిని సవరించి దూర నోటరీకి చోటిచ్చింది. ప్రమాణాలు మారాయి గానీ సమక్షవాదుల వాదన మారలేదు. నోటరీ గదిలో ఉంటేనే సంతకందారు చేతి వణుకు కనిపిస్తుందని, వెనక నిలబడి ఒత్తిడి తెచ్చే మనిషి దొరికిపోతాడని వాళ్లు ఇప్పటికీ అంటారు.

ఆ వాదనలోని లొసుగు కాలిఫోర్నియాలో స్పష్టంగా కనిపిస్తుంది. తమ నోటరీలు వెబ్‌క్యామ్ ముందు ధ్రువీకరణ చేస్తే చెల్లదని ఆ రాష్ట్రం ఏళ్ల తరబడి హెచ్చరిస్తూ వచ్చింది. 2023లో ఆన్‌లైన్ నోటరీ చట్టం చేసినా, అమలుకు 2030 దాకా గడువు పెట్టుకుంది. కానీ వేరే రాష్ట్రపు చట్టం ప్రకారం అక్కడి నోటరీ చేసిన ధ్రువీకరణను కాలిఫోర్నియా సివిల్ కోడ్ ముందునుంచీ అంగీకరిస్తోంది. అంటే లాస్ ఏంజెలెస్‌లో కూర్చున్న మనిషి వర్జీనియా నోటరీకి తెర మీద కనిపించి చేసిన సంతకం లాస్ ఏంజెలెస్‌లోనే చెల్లుతుంది. సమక్షమే ధ్రువీకరణకు ప్రాణమైతే, అది రాష్ట్ర సరిహద్దును బట్టి మారకూడదు.

అసలు చూడాల్సింది సమక్షాన్ని కాదు, సంతకం అయిపోయాక మిగిలే ఆనవాలును. కాగితపు నోటరీ తన కంటితో చూసింది నిజమే. వివాదం కోర్టుకెక్కేనాటికి ఆ చూపులో ఏం మిగులుతుంది? ఒక ముద్ర, ఒక సంతకం, ఉంటే రిజిస్టరులో ఒక వరుస. అమెరికాలో చాలా రాష్ట్రాలు ఆ రిజిస్టరును కూడా తప్పనిసరి చేయలేదు. సమక్షవాదులు మెచ్చుకునే చేతి వణుకు ఎక్కడా నమోదు కాదు.

దూర నోటరీలో ప్రతి అంచె ఒక ఆనవాలును వదిలిపెడుతుంది. మొదటిది గుర్తింపు. నోటరీకి సంతకందారు స్వయంగా తెలిసినవారైతే వేరే పరీక్ష అక్కర్లేదు. లేకపోతే రెండు వడపోతలుంటాయి. పాస్‌పోర్టు లేదా డ్రైవింగ్ లైసెన్సు ఫొటో తీసి పంపితే, అందులోని భద్రతా గుర్తులను సాఫ్ట్‌వేర్ సరిచూస్తుంది. ఆ తర్వాత ప్రశ్నలు వస్తాయి: ఈ చిరునామాల్లో గతంలో ఎక్కడున్నారు, కారు రుణం ఏ బ్యాంకులో తీసుకున్నారు వంటివి. టెక్సస్ నిబంధన ప్రకారం కనీసం అయిదు ప్రశ్నలుండాలి, రెండు నిమిషాల్లో 80 శాతం జవాబులు సరిపోవాలి. ఈ ప్రశ్నలు క్రెడిట్ రికార్డుల నుంచి, ప్రభుత్వ రికార్డుల నుంచి పుడతాయి. అందుకే హెచ్-1బీ వీసాతో నిన్నగాక మొన్న డల్లాస్‌లో దిగిన ఉద్యోగి ఈ వడపోతలోనే ఆగిపోవచ్చు. అతను ఎవరో తేలక కాదు, అతని గురించి అడగడానికి యంత్రం దగ్గర ఏమీ లేక.

రెండో అంచె సంతకం. అది ముగిశాక నోటరీ తన డిజిటల్ సర్టిఫికెట్‌తో ఫైలును మూసేస్తాడు. సంతకాల మాట వచ్చినప్పుడల్లా చట్టం చదివినవారు దాటేసి వెళ్లే భాగం ఇదే, నిజానికి పద్ధతి బలమంతా ఇందులోనే ఉంది. ఫైలులోని ప్రతి అక్షరాన్నీ ప్రతి చుక్కనూ లెక్కలోకి తీసుకుని ఎస్‌హెచ్‌ఏ-256 వంటి గణిత సూత్రం దాన్ని 256 బిట్ల సంఖ్యగా కుదిస్తుంది. దాన్ని హ్యాష్ అంటారు. దస్తావేజులో ఒక్క కామా మారినా హ్యాష్ పూర్తిగా వేరే అవుతుంది. ఆ హ్యాష్‌ను నోటరీ తన దగ్గర మాత్రమే ఉండే ప్రైవేటు కీతో సంతకం చేస్తాడు. సరిచూడదలచిన ఎవరైనా సర్టిఫికెట్‌లోని పబ్లిక్ కీతో దాన్ని తెరిచి, ఫైలుకు హ్యాష్ మళ్లీ కట్టి పోల్చుకోవచ్చు. రెండూ కలిస్తే సంతకమయ్యాక ఎవరూ ఫైలును ముట్టుకోలేదని అర్థం. కలవకపోతే ఫైలు తెరిచిన వెంటనే హెచ్చరిక కనిపిస్తుంది. కాగితపు దస్తావేజులో మధ్య పేజీ మార్చిన మోసాన్ని పట్టుకోవడానికి సిరా, కుట్టు, స్టాంపు సీరియల్ నంబరు అంటూ నిపుణులు తల పట్టుకోవాలి. ఇక్కడ ఆ పని క్షణంలో అయిపోతుంది.

మూడో అంచె రికార్డింగు. వీడియో సంభాషణ మొత్తాన్ని వర్జీనియా, టెక్సస్ అయిదేళ్లు, ఫ్లోరిడా పదేళ్లు భద్రపరచమంటాయి. నోటరీ కార్యాలపై 2018లో సవరించిన నమూనా చట్టం కూడా పదేళ్లే అంటుంది. దూరసంచార సాధనం ద్వారా జరిగిందన్న మాట ధ్రువీకరణ వాక్యంలోనే ఉండాలన్నది ఆ నమూనా చట్టపు మరో షరతు. వెనక నిలబడే మనిషి సంగతికి ఫ్లోరిడా జవాబు ఆసక్తికరం. ఆన్‌లైన్ వీలునామా విషయంలో సంతకందారును నోరు విప్పి కొన్ని ప్రశ్నలకు జవాబివ్వమంటారు: మద్యం గానీ మందులు గానీ ప్రభావం చూపుతున్నాయా, పత్రం తయారీలో ఎవరైనా సాయం చేశారా, గదిలో ఇంకెవరున్నారు, ఇప్పుడు ఎక్కడున్నారు. జవాబు అబద్ధమే అయినా, అది రికార్డయిన అబద్ధం. అడ్డదారి పట్టినవాడిని ఏళ్ల తర్వాత ఇరికించేది అదే.

ఈ పద్ధతికి లోపాలు లేకపోలేదు: 2017లో క్రెడిట్ రికార్డుల సంస్థ ఈక్విఫ్యాక్స్ నుంచి దాదాపు 14.7 కోట్ల మంది వివరాలు బయటికి పొక్కాక ఆ అయిదు ప్రశ్నలకు విలువ తగ్గింది, కృత్రిమ ముఖాల బెడద కొత్తగా వచ్చి చేరింది.

తెలుగు నేలకు ఈ వ్యవహారం చేరేది ఎక్కువగా జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) రూపంలో. అమెరికాలో ఉన్న కొడుకో కూతురో గుంటూరులోనో వరంగల్‌లోనో ఉన్న స్థలం అమ్మకానికి తండ్రికి అధికారం ఇస్తూ రాసే పత్రం అది. 1908 రిజిస్ట్రేషన్ చట్టంలోని 33వ సెక్షన్ ప్రకారం విదేశంలో ఉన్నవారి జీపీఏ నోటరీ ఎదుట గానీ, భారత కాన్సులేట్ అధికారి ఎదుట గానీ రాసి ధ్రువీకరించినదై ఉండాలి. అలాంటి పత్రం సక్రమమైనదని కోర్టు భావించాలన్న సూత్రం పాత సాక్ష్య చట్టంలో 85వ సెక్షన్, ఇప్పటి భారతీయ సాక్ష్య అధినియంలో 84వ సెక్షన్.

ఇక్కడ సుప్రీంకోర్టు 1970 నాటి జుగ్‌రాజ్ సింగ్ కేసు కీలకం. కాలిఫోర్నియాలో రాసిన జీపీఏ ఒకటి, లోపాన్ని సరిదిద్దుతూ తర్వాత రాసిన మరొకటి ఆ కేసులో చర్చకు వచ్చాయి. మొదటి పత్రంలో కోర్టుకు కనిపించిన లోపం సంతకందారు హాజరు కాకపోవడం కాదు. సాక్షిగా సంతకం చేసిన వ్యక్తి నోటరీ అని చూపేది గానీ, చాలినంత ధ్రువీకరణ గానీ పత్రం మీద లేకపోవడం. నోటరీ ఎదుట రాసి ధ్రువీకరించినట్టు రెండో పత్రం మీద ఉంది కాబట్టి అది చెల్లింది. అంటే యాభై ఏళ్ల కిందటే భారత న్యాయస్థానం వెతికింది పత్రం మీద మిగిలిన ధ్రువీకరణ ఆనవాలును. 2003లో ప్రఫుల్ దేశాయ్ కేసులో క్రిమినల్ విచారణలోనే సాక్షి వీడియోలో హాజరైనా సాక్ష్యం సమక్షంలో తీసుకున్నట్టేనని అదే కోర్టు చెప్పింది. అమెరికాలో ఉన్న సాక్షి మాట మీద శిక్ష పడగలిగినప్పుడు, అమెరికాలో ఉన్న యజమాని సంతకం మీద రెండొందల గజాల స్థలం చేతులు మారడానికి అభ్యంతరం ఉండకూడదు. ఆ కేసు నోటరీల గురించినది కాదన్న ఆక్షేపణ ఉండనే ఉంటుంది.

చిక్కు వేరే చోట వస్తుంది. సమాచార సాంకేతిక చట్టం, 2000 మొదటి షెడ్యూలు పవర్ ఆఫ్ అటార్నీని ఆ చట్టం పరిధి నుంచి తప్పించింది. 2022 సవరణ సడలింపునిచ్చింది రిజర్వు బ్యాంకు వంటి నియంత్రణ సంస్థల కింద ఉన్న సంస్థలకు ఇచ్చే అధికారపత్రాలకే. కొడుకు తండ్రికిచ్చే జీపీఏకు ఆ సౌకర్యం లేదు. కాబట్టి ఫైలును అచ్చు తీసి, ఇది ఎలక్ట్రానిక్ పత్రానికి సరైన ప్రతి అని నోటరీతో రాయించి, దాని మీద అపోస్టిల్ (వేరే దేశంలో చెల్లేందుకు ప్రభుత్వం ఇచ్చే ధ్రువీకరణ) తీసుకుని పంపాల్సి వస్తుంది. అపోస్టిల్ ఒప్పందం భారతదేశానికి 2005 జులై 14 నుంచి వర్తిస్తోంది. పత్రం ఇక్కడికి చేరిన మూడు నెలల్లోగా 1899 స్టాంపు చట్టం 18వ సెక్షన్ కింద స్టాంపు వేయించాలి. ఈ దారిలో హ్యాష్ రాలిపోతుంది. అచ్చు కాగితం మీది డిజిటల్ ముద్ర అద్దంలో కనిపించే తాళం లాంటిది. సబ్‌రిజిస్ట్రార్ చేతికి వచ్చేది చివరికి ఒక మామూలు కాగితమే.

ఎదురు దిశలో దారి ఇంకా ఇరుకు. విజయవాడలో ఉన్న తల్లి అమెరికాలోని ఇంటి కాగితాల మీద సంతకం చేయాలనుకోండి. నమూనా చట్టం ఒప్పుకుంటుంది, ఆస్తి అమెరికాలో ఉండాలన్న లేదా వ్యవహారానికి అమెరికాతో గట్టి సంబంధం ఉండాలన్న షరతుతో. సంతకందారు ఉన్న దేశంలో ఆ పని నిషిద్ధం కాకూడదు కూడా. ఆమెకు అక్కడ క్రెడిట్ రికార్డు లేనందున అయిదు ప్రశ్నల వడపోత పనికిరాదు. నోటరీకి ఆమె స్వయంగా తెలిసి ఉండాలి, లేదా ఆమెను ఎరిగిన మనిషి ప్రమాణం చేసి గుర్తించాలి.

మళ్లీ జీపీఏ సంగతికొస్తే, ఫైలును ఫైలుగా భారత కోర్టు ముందు పెట్టాలంటే సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జతచేయాలి. దాని నమూనాలో హ్యాష్ విలువ రాయడానికి గడి ఉంది, కాబట్టి నోటరీ మూసిన నాటి సంఖ్యను అక్కడ చూపవచ్చు. వీడియోకు ఆ భరోసా లేదు. ఆస్తి స్వాధీనం కోసం దావా వేయడానికి 1963 కాలపరిమితి చట్టం 65వ అధికరణం పన్నెండేళ్లు ఇస్తుంది. వర్జీనియా రికార్డింగు అయిదేళ్లకు, ఫ్లోరిడా రికార్డింగు పదేళ్లకు చెరిపేయదగినదవుతుంది. అమెరికా నోటరీ చేసిన జీపీఏ మీద స్థలం కొన్నవారు ఆ గడువు తీరకముందే నోటరీ నుంచి గానీ, సేవాసంస్థ నుంచి గానీ రికార్డింగు ప్రతిని తెప్పించి, 63వ సెక్షన్ సర్టిఫికెట్‌తో సహా దస్తావేజుల కట్టలో పెట్టుకోవాలి.