అంగిలి మీది రంగులు

ఉత్తరాంధ్ర తీరపు పల్లెల్లో పెద్దవయసు ఆడవాళ్ళు చుట్ట తాగడం చూసినవాళ్ళకి ఒక సంగతి గుర్తుండే ఉంటుంది. పెదాల మధ్య చుట్ట ఉంటుంది కానీ నిప్పు కనపడదు. వెలిగించిన కొస నోటి లోపల ఉంటుంది. దీన్నే అడ్డపొగ అంటారు. గాలికి ఆరిపోదని ఒకరు, బూడిద మీద పడదని ఒకరు, ఎన్నో కారణాలు చెప్తారు. ఏ కారణమైతేనేం, ఆ వేడీ పొగా తిన్నగా తగిలేది అంగిలికి. ఎవరి అంగిలి వాళ్ళకి కనపడదు కదా!

గట్టి అంగిలి మీద కేన్సర్ రావడం మామూలుగా అరుదు. మన దేశంలో అది ఎక్కువగా బుగ్గ లోపలో, నాలుక మీదో వస్తుంది. విశాఖపట్నం వైపు మాత్రం లెక్క తిరగబడింది. బొంబాయి టాటా మెమోరియల్ ఆసుపత్రి పాథాలజిస్టు వి.ఆర్. ఖనోల్కర్, సూర్యాబాయితో కలిసి 1945లో రాసిన వ్యాసంలో, అలవాట్ల వల్ల వచ్చే కేన్సర్లలో దీన్నీ ఒకటిగా చూపించారు. పంచె కట్టు ఒరిపిడికి నడుము దగ్గర వచ్చేది అందులోనే ఇంకొకటి. 1957లో విశాఖ ఆంధ్రా మెడికల్ కాలేజీ నుంచి డి. గోవిందరెడ్డి, వి.కె. రావు కోస్తాలోని అంగిలి కేన్సర్ మీద, నిప్పు లోపల పెట్టుకుని తాగే చుట్ట మీద రాశారు.

అయితే ఇవన్నీ కేన్సర్ ముదిరాక ఆసుపత్రికొచ్చిన వాళ్ళని చూసి చెప్పినవి. దానికి ముందు ఆ నోట్లో ఏముండేది?

వైద్యులకి అప్పటికి తెలిసిన జవాబు తెల్లమచ్చ. బుడాపెస్టు చర్మవైద్యుడు ష్విమ్మర్ 1877లో దానికి ల్యూకోప్లేకియా అని పేరు పెట్టాడు. ఆ పేరు స్థిరపడిపోయింది. ఒక పేరు దొరికాక కళ్ళు దాన్నే వెతుకుతాయి.

1960ల్లో బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చిలో దంత పరిశోధన విభాగం నడిపిన ఫాలీ మెహతా, కోపెన్‌హేగన్ ఆచార్యుడు యెన్స్ పిండ్‌బోర్గ్, వాళ్ళ సహచరులు ఆసుపత్రిలో కూర్చోకుండా పల్లెలకి వెళ్ళారు. అయిదు జిల్లాల్లో 50,915 మంది నోళ్ళు పరీక్షించారు. అందులో శ్రీకాకుళం జిల్లా వాళ్ళు 10,169 మంది. వాళ్ళలో నూటికి 44 మంది దాకా అడ్డపొగ తాగేవాళ్ళే. ఆ లెక్కలు 1971లో అచ్చయ్యాయి.

నాకు లెక్కలకన్నా వాళ్ళు అంగిలిని చదివిన తీరు గొప్పగా అనిపిస్తుంది. ఒకే అంగిలి మీద ఎన్నో మార్పులు పక్కపక్కనే కనపడ్డాయి. పొరంతా పాలిపోయినట్టు తెల్లబారడం. చిన్న చిన్న పొక్కుల్లాంటి ఉబ్బులు, వాటి నడుమ ఎర్రటి చుక్క. అంచు తెలిసేలా పైకి లేచిన తెల్లని మచ్చలు. ఎర్రబారిన చోట్లు. పుళ్ళు. రంగు పోయిన చోట్లు కూడా. ఇది కొంచెం ఆగి చూడాల్సిన విషయం. మనలో చాలామందికి చిగుళ్ళ మీదా, అంగిలి మీదా పుట్టుకతోనే నల్లటి ఛాయ ఉంటుంది. అది జబ్బు కాదు. అడ్డపొగ కొన్నిచోట్ల ఆ నలుపుని పెంచుతుంది, కొన్నిచోట్ల తుడిచేస్తుంది. గులాబీ రంగు నోళ్ళని చూసి నేర్చుకున్న కంటికి ఈ రెండో మార్పు పట్టుబడటం కష్టం. ఇంత కలగాపులగాన్ని ల్యూకోప్లేకియా అన్న ఒక్క మాటలో ఇరికించడం కుదరక, దేనికదే విడిగా రాసుకున్నారు.

వీటిలో భయపడాల్సింది తెలుపుకన్నా ఎరుపుకి. అమెరికాలో షేఫర్, వాల్డ్రన్ 1975లో నోటి ఎర్రమచ్చల నుంచి తీసిన 65 ముక్కల్ని పరీక్షిస్తే సగానికి పైగా అప్పటికే కేన్సర్. ఎర్రమచ్చ మొదట్లో నొప్పి పెట్టదు, ఎత్తుగా ఉండదు. మంట పుట్టిందేమోలే అని వదిలేస్తారు.

1970ల చివర్లో అదే బృందం శ్రీకాకుళం, ఎర్నాకుళం, భావ్‌నగర్ జిల్లాల్లో 36,000 మందికి పైగా పొగాకు వాడేవాళ్ళకి ఏటేటా నోళ్ళు చూస్తూ, మానమని చెప్తూ వచ్చింది. మానేసినవాళ్ళలో మచ్చలు వెనక్కి తగ్గడం కద్దు. అందరూ మానలేదు. అరవయ్యేళ్ళుగా చేతిలో ఉన్న చుట్టని ఒక పోస్టరు చూసి పారెయ్యమంటే ఎవరు పారేస్తారు?

ఇప్పుడు అడ్డపొగ తాగేవాళ్ళు తగ్గారు. పోలేదు. పొగ తాగుతారా అని అడిగితే మామూలుగా ఔననే అంటారు. డాక్టరు ఇంకో మాట అడగాలి: “నిప్పు ఎటేపు పెట్టుకుంటావమ్మా?” తరవాత తల వెనక్కి వాల్చమని, టార్చి పైకి పట్టి చూడాలి.